వీట్ (గోధుమ) బీరు కదలట్లేదు, అందరూ లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే తేలికపాటి బీరు) అడుగుతున్నారు. ఉన్నవి నాలుగు ట్యాంకులే, ఎలా సర్దాలి?

బెజవాడ_ట్యాప్:
విజయవాడలో బ్రూపబ్ (బీరు అక్కడే తయారుచేసి అమ్మే పబ్). 500 లీటర్ల బ్రూహౌస్, 500 లీటర్ల ఫెర్మెంటర్లు (పులియబెట్టే ట్యాంకులు) 4, బ్రైట్ ట్యాంకులు (పులిసిన బీరును తేర్చి ఉంచేవి) 2. ట్యాపుల మీద హెఫెవైజెన్ (జర్మన్ వీట్ బీరు), విట్ (బెల్జియన్ వీట్ బీరు), ఐపీఏ (హాప్స్ అనే చేదు పూలు ఎక్కువ వేసేది), స్టౌట్ (నల్ల బీరు). మొన్నటిదాకా సగం అమ్మకం హెఫెదే, ఎండలు ముదిరాక బాగా పడిపోయింది. టేబుళ్ల దగ్గర వినపడేవి ఇవి: చేదు లేకుండా తేలిగ్గా ఏముంది, పుల్లగా ఏమైనా ఉందా, మామిడిది పెట్టలేదా, ఆల్కహాల్ లేనిది దొరుకుతుందా. హేజీ (మబ్బుగా ఉండే) ఐపీఏ ఒక బ్యాచ్ వేస్తే మూడో వారానికల్లా మట్టిరంగుకు తిరిగింది. స్టౌట్ కెగ్గు (బీరు పీపా) అలాగే కూర్చుని ఉంటోంది. కొత్త ట్యాంకులు కొనే పరిస్థితి లేదు. బోరు నీళ్ళు, ఆర్వో ఉంది. వోర్ట్ (ఈస్ట్ వేయకముందు మాల్ట్ రసం, మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) చల్లార్చడానికి ఒకే దశ ప్లేట్ చిల్లర్, ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళతో. లాగర్, సోర్ (పుల్ల బీరు), మామిడి మూడూ ఇందులోనే ఎలా ఇరికించాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గ్లైకాల్_గురువు:
జనానికి వీట్ మొహం మొత్తిందని తేల్చేసే ముందు, ఏప్రిల్ నుంచి మీ వీటే మారిపోయిందేమో చూడండి. పడిపోయింది ఎండల్లో అన్నారు, చల్లార్చేది ఓవర్‌హెడ్ నీళ్ళతో అన్నారు. మే నెలలో బెజవాడ మేడ మీద ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలకు పైనే ఉంటాయి. ప్లేట్ చిల్లర్ నుంచి వోర్ట్ దానికి మూడు నాలుగు డిగ్రీల ఎక్కువలోనే వస్తుంది. 37లో ట్యాంకులోకి తోసి, ఈస్ట్ వేసేసి, మిగతాది ట్యాంకు చుట్టూ ఉన్న చల్లదనపు జాకెట్ చూసుకుంటుందిలే అని వదిలేస్తే మొదటి పన్నెండు గంటల్లోనే బీరు పాడవుతుంది. మ్యూనిక్ క్లాసిక్ లాంటి వీట్ ఈస్ట్ 18 నుంచి 21 మధ్య అరటిపండు, లవంగం రెండూ ఇస్తుంది. 26 దాటితే అరటి పోయి నెయిల్ పాలిష్ వాసన, గొంతులో మంట. తాగేవాడు దాన్ని తప్పు అని చెప్పడు, రెండో గ్లాసు మానేస్తాడు, అంతే.

మందు రెండు రకాలు. రెండో దశ గ్లైకాల్ (చిల్లర్ నుంచి వచ్చే, గడ్డకట్టని చల్లటి ద్రవం) ఎక్స్‌ఛేంజర్ పెట్టడం ఒకటి. 500 లీటర్లను గంటలో 37 నుంచి 18కి దించాలంటే సుమారు 11 కిలోవాట్లు, అంటే 3 టన్నుల పైచిలుకు చల్లదనం. మీ చిల్లర్ అంత లాగలేకపోతే ముందు రోజే 600-700 లీటర్ల ఆర్వో నీళ్ళు 6 డిగ్రీలకు దించి పెట్టుకోండి, బ్రూ రోజు దాన్నే ప్లేట్లలోకి పంపండి. వేడెక్కి బయటికొచ్చిన నీళ్ళు తర్వాతి మాష్‌కు (మాల్ట్‌ను వేడి నీళ్ళలో నానబెట్టడానికి) పనికొస్తాయి, వృథా లేదు. ఏది చేసినా ట్యాంకు లోపల 18 చూపించాకే ఈస్ట్ వేయాలి.

లవంగం తగ్గిందనిపిస్తే మాష్‌ను 45 దగ్గర 15 నిమిషాలు ఆపండి.

నూక_ఊక:
పైన చెప్పింది ముందు సరిచేసుకోండి. అయినా లాగర్ అడగడం ఆగదు, అది మీ ఊరి సంగతి ఒక్కటే కాదు. హేజీలు, పేస్ట్రీ స్టౌట్ల (కేకులా తియ్యటి స్టౌట్లు) తర్వాత బయటి దేశాల చిన్న బ్రూవరీలు కూడా రైస్ లాగర్ వైపు తిరిగాయి.

ఇబ్బంది అంతా ట్యాంకు రోజుల దగ్గర. వీట్ 14 రోజులకు దిగిపోతే ఒక ట్యాంకు నెలకు వెయ్యి లీటర్లు ఇస్తుంది. పద్ధతిగా చేసిన లాగర్ 35 రోజులు కూర్చుంటే అదే ట్యాంకు 430 లీటర్ల దగ్గర ఆగుతుంది. అందుకని డబ్ల్యూ-34/70 లాగర్ ఈస్ట్ వాడి, 18 డిగ్రీల్లో, 1 బార్ ఒత్తిడి మీద పులియబెట్టండి. ఒత్తిడి ఈస్టర్ (పండ్ల లాంటి) వాసనలను అణిచిపెడుతుంది. 500 లీటర్లకు 500 గ్రాముల ఈస్ట్. వారంలో పులియడం అయిపోతుంది, ఇంకో మూడు రోజులు 18లోనే ఉంచి, తర్వాత 1 డిగ్రీకి దించి వారం. 17-18 రోజుల్లో ట్యాంకు ఖాళీ. ట్యాంకు మీద కొట్టిన ప్లేటులో ఎన్ని బార్లకు తయారైందో, సేఫ్టీ వాల్వ్ ఎంతకు తెరుచుకుంటుందో చూడకుండా మాత్రం స్పండింగ్ వాల్వ్ (లోపలి ఒత్తిడిని కావలసినంత దగ్గర నిలిపేది) బిగించొద్దు.

11 ప్లేటో (వోర్ట్‌లో చక్కెర శాతం) బీరుకు: పిల్స్నర్ మాల్ట్ 64 కిలోలు, అటుకులు 16 కిలోలు. అవును, అటుకులే. ఉడికించి నలిపినవి కాబట్టి బియ్యంలా విడిగా వండక్కర్లేదు, మరలో పట్టక్కర్లేదు, నేరుగా మాష్‌లో పోయొచ్చు. లావువి తీసుకోండి. పేపర్ అటుకులు పిండై బెడ్‌ను (వోర్ట్‌ను వడకట్టే గింజల పొరను) మూసేస్తాయి. రైస్ మిల్లు ఊక రెండు కిలోలు కలపండి, వేడి నీళ్ళతో బాగా కడిగాకే. మిల్లు ఊకలో ఇసుక, దుమ్ము తప్పవు. 63 దగ్గర 45 నిమిషాలు, 72 దగ్గర 15. మరిగించడం 75 నిమిషాలకు తగ్గొద్దు, తగ్గితే ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుంది. చేదు 15-18 ఐబీయూ (చేదు కొలమానం). బియ్యంలో నత్రజని తక్కువ, ఈస్ట్ న్యూట్రియెంట్ మర్చిపోవద్దు.

నూక వాడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది గానీ పదో వంతు మాల్ట్‌తో కలిపి 20 నిమిషాలు మరిగించాలి, కెటిల్ అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఈ సైజు బ్రూహౌస్‌లో ఆ తలనొప్పి దండగ.

గుంటూరు_మాల్ట్:
సోర్ సంగతి. కెటిల్‌లో పులియబెడితే బ్రూహౌస్ 24-36 గంటలు ఆగిపోతుంది. మీకు అది కుదరదు. ఫిల్లీ సోర్ ఈస్ట్ వాడండి, పులుపూ ఆల్కహాలూ ఒకే ట్యాంకులో అదే ఇస్తుంది. లీటరుకు 1 గ్రాము, 22-25 డిగ్రీలు, గ్రిస్ట్‌లో (మాష్‌కు వేసే మొత్తం సరుకులో) 4-5 శాతం డెక్స్‌ట్రోజ్ చక్కెర. 10 రోజుల్లో పీహెచ్ 3.3-3.4కు వస్తుంది. ఆ ఈస్ట్‌ను తీసి తర్వాతి బ్యాచ్‌కు వాడకండి, పులుపు నిలవదు. పెరుగు తోడేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. అందులో ఏ బాక్టీరియా ఎంతుందో ఎవరికీ తెలియదు, బ్యాచ్‌కో రుచి వస్తుంది.

ఉప్పేసిన నిమ్మసోడా తాగి పెరిగిన ఊళ్ళు మనవి, కాబట్టి పండ్ల సోర్ కంటే గోజ్ (ఉప్పు, ధనియాలు వేసే జర్మన్ పుల్ల బీరు) ముందు పట్టుకుంటుంది. 500 లీటర్లకు అయోడిన్ లేని ఉప్పు 500 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు 400 గ్రాములు, మంట ఆపే ముందు. నిమ్మ తొక్క పైపొర మాత్రమే గీయండి, తెల్ల భాగం పడితే చేదు. నిమ్మకాయలకు తెనాలి మార్కెట్ ఎలాగూ పక్కనే.

మామిడికి నూజివీడు రసాలు చూసి మనసు లాగుతుంది గానీ పీచు వాల్వుల్లో చిక్కుకుంటుంది. డబ్బాల్లో వచ్చే తోతాపురి గుజ్జు మేలు. లేబుల్ మీద బెంజోయేట్, మెటాబైసల్ఫైట్ ఉంటే వద్దు, ఈస్ట్ మొరాయిస్తుంది. ప్రధాన పులియబెట్టు అయ్యాక లీటరుకు 80-100 గ్రాములు, 18 డిగ్రీల్లో ఐదు రోజులు. చక్కెరంతా ఈస్ట్ తినేస్తుంది, వాసన ఉంటుంది తీపి ఉండదు. జ్యూస్‌లా ఉంటుందనుకుని వచ్చినవాడు పెదవి విరుస్తాడు. అందుకని బేస్ బీరును 69 డిగ్రీల్లో మాష్ చేసి కాస్త చిక్కదనం ఉంచండి. తీపి కోసం కెగ్గులోనే గుజ్జు పోసేవాళ్ళున్నారు. కోల్డ్ రూమ్ కరెంటు పోయిన రోజున ఆ కెగ్గు బాంబే.

గుంటూరు మిర్చి బీరు అని ఎవరో ఒకరు అడుగుతారు. గింజలు, తొడిమలు తీసిన సన్నం రకం మిర్చి, లీటరుకు 0.3 గ్రాములతో 20 లీటర్ల మీద చూడండి. 12 గంటలకోసారి రుచి చూసి ఘాటు చాలనిపించగానే తీసేయండి. మిర్చి నూనె నురగను చంపుతుంది. ఒక కెగ్గు చాలు, దానికో ట్యాంకు కేటాయించొద్దు.

బెజవాడ_ట్యాప్:
వివరంగా రాశారు, అందరికీ థాంక్స్. ట్యాంకు ప్లేటు చూశాను, 2 బార్లు. సేఫ్టీ వాల్వ్ 1.5కు సెట్ అయి ఉంది. హేజీ ఎందుకు రంగు తిరిగిందో ఎవరైనా చెప్పగలరా? డ్రై హాప్ (ట్యాంకులోని బీరులో నేరుగా వేసే హాప్స్) పైమూత తీసి వేశాం, బ్రైట్ ట్యాంకులోకి మామూలుగానే పంపు చేశాం.

గ్లైకాల్_గురువు:
కారణం మీ చివరి వాక్యంలోనే ఉంది. ఆక్సిజన్. హాప్ పాలీఫినాల్స్ గాలి తగిలితే ఊదా, మట్టిరంగుకు తిరుగుతాయి, వాసన అట్టముక్కలా మారుతుంది. బ్రైట్ ట్యాంకును నీళ్ళతో నిండా నింపి, ఆ నీళ్ళను సీవో2తో బయటికి తోసేయండి, అప్పుడే లోపల గాలి మిగలదు. కెగ్గులకూ అంతే. బీరును పంపుతో కాకుండా సీవో2 ఒత్తిడితో మూసిన గొట్టంలో పంపండి. హాప్స్ 3 కిలోలు, అంటే లీటరుకు 6 గ్రాములు, గ్రావిటీ (మిగిలిన చక్కెరను చూపే సాంద్రత) ఇంకా రెండు మూడు పాయింట్లు దిగాల్సి ఉండగానే వేయండి. మిగిలిన ఈస్ట్ లోపలికి వెళ్ళిన గాలిని కొంత తినేస్తుంది. మూత తెరిచినంతసేపూ కింది నుంచి సీవో2 వదులుతూ ఉండాలి.

డ్రై హాప్ తర్వాత పులియడం మళ్ళీ మొదలై వెన్న వాసన పుట్టొచ్చు. చల్లార్చే ముందు ఒక గ్లాసు బీరును మూతపెట్టి 60 డిగ్రీల నీళ్ళలో 20 నిమిషాలు ఉంచి, చల్లారాక మామూలు గ్లాసుతో పోల్చి వాసన చూడండి. వెన్న తగిలితే ఇంకో రెండు మూడు రోజులు 18లోనే. నీళ్ళకు: ఆర్వో 500 లీటర్లకు కాల్షియం క్లోరైడ్ 100 గ్రాములు, జిప్సం 40 గ్రాములు. క్లోరైడ్ 95 పీపీఎమ్, సల్ఫేట్ 45 దగ్గర పడుతుంది, నోటికి మెత్తగా ఉంటుంది.

కెగ్గు_లెక్క:
ట్యాంకుల సర్దుబాటు నా మాట: 1 వీట్, 2 రైస్ లాగర్, 3 తేలికపాటి బ్లాండ్ (లేత బంగారు రంగు బీరు), 4 నెలనెలా మారేది (సోర్, హేజీ, చలికాలంలో స్టౌట్). బ్లాండ్‌ను బ్రైట్ ట్యాంకుల దగ్గర రెండుగా చీల్చండి. 250 లీటర్లు ఉన్నదున్నట్టు, 250 మామిడి. మామిడి సగం బ్రైట్ ట్యాంకులోనే ఐదు రోజులు పులుస్తుంది కాబట్టి స్పండింగ్ వాల్వ్ దానికీ ఉండాలి. సగం బ్యాచ్ బ్రూ చేద్దామనుకోకండి, వడకట్టే లాటర్ బెడ్ పల్చబడి దిగుబడి పడిపోతుంది. విట్ తీసేయండి, వీట్ ఉండగా దాన్ని అడిగేది అదే నలుగురు.

ఆల్కహాల్ లేనిది పాశ్చరైజర్ లేకుండా డ్రాఫ్ట్ మీద పెట్టొద్దు. అందులో మాల్టోజ్ చక్కెర అలాగే మిగిలి ఉంటుంది, లైన్లో ఉన్న వేరే ఈస్ట్ దాన్ని అందుకుంటే ఆల్కహాల్ 0.5 శాతం దాటేస్తుంది. పైగా సూక్ష్మజీవులను ఆపే ఆల్కహాల్ అందులో లేదు. దాని బదులు బ్లాండ్‌నే 1.035 గ్రావిటీలో, 8 శాతం ఓట్స్‌తో, 69 మాష్‌తో వేయండి. 1.011కు ఆగితే 3.1 శాతం. తేలిగ్గా అడిగేవాళ్ళకు అదే చాలు.

ఏది నడుస్తుందో టేబుల్ మాటలు విని తేల్చకండి. ప్రతి కెగ్గు మీద తగిలించిన తేదీ, ఖాళీ అయిన తేదీ చాక్‌తో రాయించండి. మామిడి అడిగినవాళ్ళందరూ ఒక్కో గ్లాసు తాగి లాగర్‌కు పోతే అది అక్కడ కనపడుతుంది. ఇంకోటి, సోర్‌కు ట్యాపు, గొట్టం, గాస్కెట్లు విడిగా పెట్టండి. ఒకే లైన్లో మార్చి మార్చి వాడితే తర్వాతొచ్చే లాగర్‌లో ధనియాల వాసన పోదు. లైన్లకు కాస్టిక్ వాష్ రెండు వారాలకోసారి కాదు, ఈ ఎండల్లో వారానికోసారి.