మాటల్లేని చిన్న పజిల్ గేమ్ ఏది బాగుంటుంది?

ప్రశ్న (మిర్యాలగూడ):
మా చెల్లె పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇద్దరం ఒకే ఫోన్ పట్టుకుని ఆడాలి. ఇంగ్లీషు ఎక్కువ చదవాల్సి రావద్దు, కొట్లాటలు వద్దు. ఆడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు (నల్లగొండ):
మెషినేరియం. చెక్ దేశపు అమానిటా డిజైన్ వాళ్లు 2009లో చేశారు. అందులో ఎవరూ మాట్లాడరు, రోబోల మనసులో మాట బుడగలో బొమ్మగా కనిపిస్తుంది. బార్‌లో ఒక రోబోతో ఐదు కాయలు వరుసగా పేర్చే ఆట ఉంది. నేను రెండు రాత్రులు అక్కడే ఓడిపోయాను. చిన్నప్పుడు మా తాత అరుగు మీద సుద్దతో గీసి ఆడించిన దాడి ఆట యాదికొచ్చింది. ఆయనైతే మొదటిసారే గెలిచేవాడు. కొన్నిచోట్ల ఏ వస్తువు నొక్కాలో తెలియక విసుగొస్తుంది, అది మాత్రం నిజం. అయినా నాకు ప్రాణం.

మాన్యుమెంట్ వ్యాలీ (2014) చూడముచ్చటగా ఉంటుంది, కానీ పదే అధ్యాయాలు. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

జవాబు (మహబూబ్‌నగర్):
లింబో మీ చెల్లెకు వద్దు. ఆ గేమ్‌లో పిల్లాడు చనిపోయే తీరు భయంకరంగా ఉంటుంది, ఆ సాలీడు వచ్చినప్పుడు నాకే టెన్షన్. ది రూమ్ ఆడండి, పెట్టెలో పెట్టె తెరుచుకుంటూ పోతుంది. కొన్ని ఇంగ్లీషు చీటీలు చదవాలి, అంతే.

ప్రశ్న అడిగినవారు:
మెషినేరియం మొదలుపెట్టాం అన్నా. బార్ దగ్గర చెల్లె మూడోసారికే గెలిచింది!