చెన్నైలో కూవం నది ఒడ్డున పాత సమాధులు: ఫొటోలు తీయొచ్చా, కూడదా?

పెరంబూరు కెమెరా:
పోయిన ఆదివారం కాపలాదారుని అడిగి పల్లవన్ సాలై దగ్గరి సెయింట్ మేరీస్ సమాధుల తోటలోకి వెళ్లాను. సెంట్రల్ స్టేషన్‌కి అంత దగ్గరైనా లోపల బస్సుల మోత సన్నగిల్లుతుంది. కూవం వాసన మాత్రం వదలదు. పాచిపట్టిన చిన్న రాయి ఒకటి కనిపించింది. పేరు చెరిగిపోయింది, వయసు మాత్రం తెలుస్తోంది: 7 నెలలు. ఆ రాయినీ, ప్రార్థనకొచ్చిన ఒక కుటుంబాన్నీ ఫొటోలు తీసి మా గ్రూపులో పెడితే, "చచ్చినవాళ్ల దగ్గర షికారేంటి" అని ఓ పెద్దాయన కోప్పడ్డారు. నాది తప్పేనా?

కీల్పాక్ అక్క:
తమ్ముడూ, ఆయన మాట కొట్టిపారేయకు. మా అమ్మ కీల్పాక్ సమాధుల తోటలో ఉంది. ఒక నవంబరు 2న, సమాధుల పండుగకి, కొవ్వొత్తి గాలికి ఆరకుండా చెయ్యి అడ్డుపెట్టి ఏడుస్తున్నాను. ఎవరో కుర్రాడు మొహం మీదకే లెన్సు తెచ్చాడు. "మూడ్ బాగుందండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పాత మద్రాసు:
అక్కా, అది ముమ్మాటికీ తప్పు. పాత రాళ్ల సంగతి వేరు. ఇంగ్లీషువాళ్ల తొలి శ్మశానం ఇప్పటి హైకోర్టు, లా కాలేజీ వైపు ఉండేది. 1758 డిసెంబరు నుంచి 1759 ఫిబ్రవరి దాకా ఫ్రెంచి సేనాని లాలీ సేన ఇంగ్లీషువాళ్ల సెయింట్ జార్జి కోటను ముట్టడించినప్పుడు, ఫ్రెంచివాళ్లకి ఆ సమాధులే చాటయ్యాయి. తర్వాత ఇంగ్లీషువాళ్లే వాటిని పడగొట్టి, పేర్లున్న బండల్ని కోటలోని సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ పరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు ఎలిహు యేల్ కొడుకు సమాధిలాంటివి ఒకటి రెండు మిగిలాయంతే. మనుషులొక చోట, పేర్లొక చోట! మిగిలిన పేర్లయినా ఫొటోల్లో దాచకపోతే ఎలా?

ఒక్కటి మాత్రం చేయకండి: అక్షరాలు కనబడాలని చాక్‌పీసు రుద్దడం, తీగబ్రష్షుతో గీకడం. రాయి పాడవుతుంది. పొద్దున్నే వెళ్తే ఎండ ఏటవాలుగా పడి, చెక్కిన గీత గీతకీ నీడ వస్తుంది. ఎండ తగలని రాతికి పక్కనుంచి అద్దంతో వెలుగు మళ్లిస్తే చాలు.

కీల్పాక్ అక్క:
రాళ్లకి నాకేం అడ్డు లేదు. కానీ ఎన్నేళ్లయితే పాతదవుతుంది? అమ్మ పోయి పదకొండేళ్లు, నాకు నిన్నలా ఉంది. అక్కడ మనిషి కనిపిస్తే ముందు అడగండి. వద్దంటే కెమెరా దించేయండి.

పెరంబూరు కెమెరా:
అక్కా, ఆ కుటుంబాన్ని నేను అడగలేదు. వాళ్ల ఫొటోలు నాలుగూ ఇప్పుడే తీసేశాను. పసిబిడ్డ రాయి ఉంచుతున్నాను. వచ్చే ఆదివారం ఏడింటికే అద్దం తీసుకుని వెళ్తా, పేరులో ఒక్క అక్షరమైనా దొరుకుతుందేమో.