ప్రాజెక్టు డాక్యుమెంట్లను కోడ్ పక్కన ఉంచాలా, వికీలో ఉంచాలా?

ప్రశ్న

మా బృందంలో డెవలపర్లు, టెస్టర్లు, బిజినెస్ అనలిస్టులు కలిసి పనిచేస్తున్నారు. రిక్వైర్‌మెంట్ల పత్రాలు వర్డ్ ఫైళ్ల రూపంలో షేర్డ్ డ్రైవ్‌లో ఉన్నాయి. డిజైన్ వివరాలు కొన్ని వికీలోను (ఎవరైనా బ్రౌజర్‌లోనే మార్చగల వెబ్ పేజీలు), కొన్ని ఈమెయిళ్లలోను ఉన్నాయి. సర్వర్‌ను సెటప్ చేసే విధానమైతే చాట్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన మెసేజ్‌ను వెతికి పట్టుకుంటే తప్ప దొరకదు. ఒకే పత్రానికి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అనే ప్రతులు ఉండటం వల్ల, ఇద్దరు టెస్టర్లు రెండు వేర్వేరు ప్రతులను చూసి టెస్ట్ కేసులు రాసిన సందర్భం కూడా ఉంది. అన్నింటినీ గిట్‌లోకి (కోడ్‌లోని ప్రతి మార్పునూ చరిత్రతో సహా భద్రపరిచే సాధనం) తేవాలని డెవలపర్లు అంటున్నారు. గిట్ అలవాటు లేనివారు వికీయే చాలంటున్నారు. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించడానికి మీరు పాటించే పద్ధతి ఏమిటో తెలియజేయగలరు.

మొదటి సమాధానం

ఏ టూల్ మంచిదన్న చర్చకు ముందు, ఒక్కొక్క పత్రం ఎప్పుడు మారుతుందో చూడండి. కోడ్ మారినప్పుడల్లా మారవలసినవి, అంటే బిల్డ్ చేసే విధానం, కాన్ఫిగరేషన్ వివరాలు, ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు మన ప్రోగ్రామును వాడుకునే మార్గం) వర్ణన వంటివి, కోడ్ ఉండే రిపాజిటరీలోనే (గిట్‌లోని ప్రాజెక్టు ఫైళ్ల నిల్వ) మార్క్‌డౌన్ (సాదా అక్షరాలతో రాసే పద్ధతి) ఫైళ్లుగా ఉండాలి. అప్పుడు కోడ్‌లోని మార్పూ డాక్యుమెంట్‌లోని మార్పూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులను పరిశీలించి చేర్చమనే అభ్యర్థన) వస్తాయి కనుక, రెండోది లేకపోతే రివ్యూ చేసేవారు మొదటిదాన్ని ఆపగలుగుతారు. ఏడాది కిందటి రిలీజ్‌లో సమస్య వచ్చినప్పుడు ఆ రిలీజ్‌కు గిట్‌లో పెట్టిన ట్యాగ్‌కు (గుర్తుకు) వెళ్తే, ఆనాటి కోడ్‌తో పాటు ఆనాటి సూచనలు కూడా దొరుకుతాయి. వికీలో ఈ సౌకర్యం సులభంగా రాదు.

అయితే ఉన్న వర్డ్ ఫైళ్లను ఉన్నట్టుగా గిట్‌లో పడేస్తే ప్రయోజనం లేదు. వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫైలు నిజానికి జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఫైళ్ల కట్ట కాబట్టి, అందులో ఏ వాక్యం మారిందో గిట్ తనంతట తాను చూపలేదు. ఇద్దరు ఒకేసారి మార్చితే ఆ రెండింటినీ కలపలేదు. పాన్‌డాక్ అనే ఉచిత సాధనంతో వాటిని మార్క్‌డౌన్‌లోకి మార్చుకోవచ్చు, కానీ సెల్స్ కలిపిన సంక్లిష్టమైన టేబుల్స్‌ను చేత్తో సరిచేయవలసి వస్తుంది. డయాగ్రమ్‌లను కూడా బొమ్మలుగా కాక మెర్మెయిడ్ లేదా ప్లాంట్‌యూఎంఎల్ అనే, డయాగ్రమ్‌లను అక్షరాలతో వర్ణించే భాషల్లో రాయండి. మెర్మెయిడ్‌లో రాసినదాన్ని గిట్ రిపాజిటరీలను ఉంచే వెబ్‌సైటైన గిట్‌హబ్ 2022 నుండి నేరుగా చిత్రంగా చూపుతోంది. డెమో వీడియోలను మాత్రం గిట్‌లో పెట్టవద్దు. మామూలుగా పుష్ చేస్తే (అప్‌లోడ్ చేస్తే) 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ స్వీకరించదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అది డెవలపర్ల వైపు నుండి చూసిన దృష్టి. అక్షరదోషం దిద్దడానికి కూడా గిట్‌లో బ్రాంచ్ (మార్పుల కోసం వేరే శాఖ) తెరవాలంటే అనలిస్టులు దిద్దడం మానేస్తారు, ఆ తరువాత చదవడం కూడా మానేస్తారు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని తెచ్చినప్పుడు, చదువుతున్న పేజీని అక్కడికక్కడే ఎవరైనా మార్చగలగడమే దాని ప్రత్యేకత. రిక్వైర్‌మెంట్లు, మీటింగ్ నిర్ణయాలు, కొత్తగా చేరినవారికి చెప్పవలసిన విషయాలు వికీలోనే ఉండనివ్వండి. కాన్‌ఫ్లుయెన్స్ వంటి వికీ సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి పేజీకీ పాత రూపాల చరిత్ర ఉంటుంది కాబట్టి, ‘ఫైనల్ 2’ అనే ప్రతి పుట్టే అవసరమే రాదు.

వికీ పాడైపోయేది సాధనంలోని లోపం వల్ల కాదు, పేజీకి బాధ్యులు లేకపోవడం వల్ల. ప్రతి పేజీ పైభాగంలో బాధ్యుల పేరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. పాతబడిన పేజీని తొలగించడానికి సంకోచించవద్దు, ఎందుకంటే తప్పు సమాచారమున్న పేజీ అసలు పేజీ లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

మధ్యేమార్గం కూడా ఒకటి ఉంది. ఫైళ్లను గిట్‌లోనే ఉంచి, ఎమ్‌కేడాక్స్ లేదా స్ఫింక్స్‌తో వెబ్‌సైట్‌గా ప్రచురిస్తే చదివేవారికి బ్రౌజర్ ఒక్కటి చాలు. గిట్‌హబ్ వికీ గిట్‌లోనే ఉంటుంది కదా అని కొందరు దాన్ని ఎంచుకుంటారు; కానీ అది కోడ్‌కు సంబంధం లేని వేరే రిపాజిటరీ కనుక, ఒకే పుల్ రిక్వెస్ట్‌లో రెండింటినీ మార్చడం కుదరదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకా రెండు సందేహాలున్నాయి. ఫలానా డేటాబేస్‌ను ఎందుకు ఎంచుకున్నామన్న కారణాలను ఎక్కడ రాయాలి? సెటప్ పత్రంలో ఇప్పుడున్న పాస్‌వర్డ్‌లను ఏం చేయాలి?

మూడవ సమాధానం

కారణాల కోసం, మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించిన ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డుల పద్ధతి మీకు సరిపోతుంది. ఒక్కో నిర్ణయానికి ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో శీర్షిక, సందర్భం, తీసుకున్న నిర్ణయం, అది ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నది, దాని పర్యవసానాలు రాస్తారు. నిర్ణయం మారితే పాత ఫైలును తుడిచి రాయకుండా, దాని స్థానంలో ఫలానా కొత్త నిర్ణయం వచ్చిందని గుర్తుపెడతారు. కోడ్‌ను చూస్తే ఏం చేశారో తెలుస్తుంది కానీ, ఏయే ప్రత్యామ్నాయాలను ఎందుకు వద్దనుకున్నారో తెలియదు. నా దృష్టిలో, సమయం చాలనప్పుడు అన్నిటికన్నా ముందు రాయవలసినవి ఇవే.

పాస్‌వర్డ్‌లు వికీలో గాని, గిట్‌లో గాని ఉండకూడదు. వాటికి వేరే సీక్రెట్ మేనేజర్ (రహస్యాలను భద్రంగా దాచే సాధనం) వాడి, డాక్యుమెంట్‌లో దాని చిరునామా, అనుమతి ఇచ్చేవారి వివరం మాత్రమే రాయండి. గిట్‌లోకి ఒకసారి చేరిన పాస్‌వర్డ్ తరువాతి కమిట్‌లో (భద్రపరిచిన మార్పులో) తీసేసినా చరిత్రలో మిగిలే ఉంటుంది, కాబట్టి ముందు దాన్ని మార్చివేయాలి. చరిత్రను శుభ్రం చేయడం ఆ తరువాతి పని. మరొక విషయం మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. సర్వర్లు ఆగిపోయినప్పుడు చూడవలసిన రన్‌బుక్‌ను (ఏం చేయాలో చెప్పే సూచనలను) అవే సర్వర్లపై నడిచే వికీలో మాత్రమే ఉంచవద్దు.

ఉన్నదంతా ఒకేసారి తరలించే ప్రయత్నం సాధారణంగా సగంలో ఆగిపోతుంది. కొత్త పత్రాలను కొత్త చోట మొదలుపెట్టి, పాతవాటిని ఎవరికైనా అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా తరలించండి. తరలించిన వెంటనే షేర్డ్ డ్రైవ్‌లోని ఫైలు మొదటి పేజీలోనే కొత్త లింకును పెట్టి, దాన్ని రీడ్ ఓన్లీగా మార్చండి. కస్టమర్ సంతకం చేసిన పీడీఎఫ్‌లు మాత్రం డ్రైవ్‌లోనే ఉండవచ్చు, వాటిని ఎవరూ మార్చరు కదా.