ఫారం గడుల్లో ప్లేస్‌హోల్డర్ ఉంటే లేబుల్ తీసివేయవచ్చా?

ప్రశ్న

నమస్కారం. ఫోన్ తెరపై చోటు చాలడం లేదని, మా నమోదు ఫారంలోని లేబుళ్లన్నీ (గడిలో ఏం రాయాలో చెప్పే పేర్లు) తీసివేసి ఆ మాటలనే గడుల లోపల లేత బూడిద రంగులో చూపించాలని డిజైన్ బృందం కోరుతోంది. ప్రస్తుతం కొన్ని గడుల్లో ఇలాంటి మాటలు వాల్యూగానే, అంటే గడిలో ముందే నింపిన విలువగానే ఉన్నాయి. గడిని తాకగానే స్క్రిప్టు వాటిని చెరిపేస్తుంది. వీటిని ప్లేస్‌హోల్డర్ యాట్రిబ్యూట్‌లోకి (గడి ఖాళీగా ఉన్నప్పుడే కనబడే సూచనగా) మార్చితే సరిపోతుందా, లేక లేబుళ్లు ఉండాలని నేను గట్టిగా చెప్పాలా?

మొదటి సమాధానం

వాల్యూను ప్లేస్‌హోల్డర్‌గా మార్చడం తప్పక చేయండి. స్క్రిప్టు పనిచేయకపోయినా, వాడుకరి ఆ గడిని అసలు తాకకపోయినా, "మీ పేరు" అన్న మాటే పేరుగా డేటాబేస్‌కు చేరుతుంది. ప్లేస్‌హోల్డర్‌తో ఆ బెడద ఉండదు. అయితే అది లేబుల్‌కు బదులు కాకూడదని వెబ్ పేజీలు రాసే భాషైన హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే చెబుతోంది. పుట్టిన తేదీ గడినే చూడండి. "రోజు-నెల-సంవత్సరం" అన్న సూచన మొదటి అంకె కొట్టగానే మాయమవుతుంది. 03-04 అని రాశాక నెల ముందా రోజు ముందా అన్న సందేహం వస్తే, రాసినదంతా చెరిపితే తప్ప ఆ సూచన మళ్లీ కనబడదు. బ్రౌజర్ తానే నింపిన (ఆటోఫిల్ చేసిన) ఫారంలోనైతే ఏ గడిలో ఏముండాలో సరిచూసుకోవడానికి ఒక్క ఆధారమూ మిగలదు. కాబట్టి లేబుల్ గడి పైన, సూచన గడి కింద ఉంచి, ఆ సూచనను ఏరియా-డిస్క్రైబ్డ్‌బై అనే యాట్రిబ్యూట్ ద్వారా గడికి జతచేస్తే, తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదువుతుంది.

రెండవ సమాధానం

రంగు సంగతి కూడా చూడాలి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లని నేపథ్యంపై 999999 అనే కోడ్ ఉన్న బూడిద రంగు 3:1 కూడా అందుకోదు. దానికంటే ముదురైన 767676 మాత్రం గట్టెక్కుతుంది. ఫైర్‌ఫాక్స్ ప్లేస్‌హోల్డర్‌ను తనంతట తానే పలచబరుస్తుంది కనుక పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఒపాసిటీ 1 (పలచదనం లేకుండా) అని కూడా రాయండి. అసలు చిక్కు దీని తర్వాతే మొదలవుతుంది: ముదురు రంగు వేసిన కొద్దీ గడి అప్పటికే నిండినట్టు కనిపించి, కొందరు దాన్ని దాటి వెళ్లిపోతారు. ముఖ్యమైన సూచనను గడి లోపల పెట్టవద్దని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

మూడవ సమాధానం

చోటే సమస్య అయితే, అవసరం లేని గడులను తీసివేయమని అడగండి. గడిలోకి వెళ్లగానే పైకి జరిగే ఫ్లోటింగ్ లేబుల్ కొంత నయమే కానీ, అక్షరాలు మరీ చిన్నవై చదవడం కష్టమవుతుంది. పక్కనే బటన్ ఉన్న ఒంటరి వెతుకు పెట్టెకు కనబడే లేబుల్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. స్క్రీన్ రీడర్ కోసం దానికి ఏరియా-లేబుల్ అనే యాట్రిబ్యూట్‌లో పేరు ఇస్తే చాలు.