నర్సాపురం–అంతర్వేదా, యానామా? అమ్మను ఎటు తీస్కపోవాలె?

కాజీపేట పోరడు:
జనవరిల మూడు రోజులు సెలవు దొరికింది. గోదారి సముద్రంల కలిసే కాడ స్నానం చెయ్యాల్నని అమ్మకు ఎప్పటిసంది ఉన్నది. ఇంట్ల రెండు పార్టీలైనయ్. మా బావ యానాం అంటడు. నాకేమో నర్సాపురం పోయి, పంటు (బండ్లను, మనుషులను దాటించే పడవల బల్లకట్టు) మీద గోదారి దాటి అంతర్వేది చూడాల్నని ఉన్నది. పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి. 'రెండూ బాగుంటయ్' అనే జవాబు మాత్రం వద్దు.

హన్మకొండ అక్క:
తమ్మీ, పెద్దామెతోని పోతున్నప్పుడు ముందుగాల చూడాల్సింది ప్రయాణం. గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి వరంగల్‌ల ఎక్కి పంటే పొద్దుగాల కాకినాడల లేస్తవ్. యానాం పొయ్యే దారిలనే కోరింగ మడ అడవులు, చెట్ల నడుమ చెక్క బాట మీద నడుసుకుంట పోవచ్చు. ద్రాక్షారామం కూడ దగ్గర్నే. నర్సాపురానికి మేం విజయవాడల దిగి భీమవరం మీదుగ పొయ్యే బండి మారినం. సంచులు మోసుకుంట ప్లాట్‌ఫారం మారేసరికి మా అత్తమ్మ మోకాళ్లు పట్టుకొని కూసున్నది.

పరకాల బుల్లెట్:
మీ బావ యానాం ఎందుకంటుండో మాకు ఎరుకలేదా అన్నా? అది పుదుచ్చేరి కింద ఉన్న ఊరు, ఆడి మందు రేటే వేరు. అమ్మ పేరు చెప్పి బావ టూరు ఏస్తుండు 😄

భూపాలపల్లి మాస్టారు:
బుల్లెట్ గారి వెటకారం అటుంచండి. అసలు ప్రశ్నకు రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, యానాంలో నిలబడితే కనిపించేది గోదావరి గౌతమి పాయ. అవతలి ఒడ్డు ఎక్కడో ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు అదే సముద్రమనుకుంటారు. సముద్రం ఇంకా చాలా కిందికి ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఈఫిల్ టవర్ లాంటి కట్టడం, నది ఒడ్డున సాయంత్రం గాలి, ఇవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ ఒకప్పటి రేవు కళ ఇప్పుడు లేదు. యెదుర్లంకకు బాలయోగి వారధి వచ్చాక బస్సులన్నీ దాని మీదనే పోతున్నాయి.

రెండోది, అమ్మగారి కోరిక సాగర సంగమం. అది అంతర్వేదిలో ఉంది. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటు, అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. దర్శనానికి లక్ష్మీనరసింహస్వామి గుడి ఉండనే ఉంది.

ఇక పంటు. రెండు పడవలను పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి చేసిన తేలే గచ్చు అది. నర్సాపురం రేవులో ముందు కారును ఎక్కిస్తారు. టైరు బల్ల మీదికి రాగానే పంటు ఓ పక్కకు ఒరిగి సర్దుకుంటుంది, అప్పుడే మొదటిసారి ఎక్కినవాళ్ల ముఖాలు చూడాలి. ఆ సందుల్లోకి మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు. మనకది విహారం, అవతల సఖినేటిపల్లి వాళ్లకు రోజూ సంతకు పోయే దారి. కాళేశ్వరం దగ్గర బ్రిడ్జి లేని రోజుల్లో సిరోంచకు పడవల మీద దాటినవాణ్ని, అందుకే నాకు దాని మీద కొంచెం పక్షపాతం ఉంది. ఒప్పుకుంటాను.

వడ్డేపల్లి:
సార్, మీరు పక్షపాతం అంటున్నరు, మాకు భయం. 2019 సెప్టెంబర్‌ల కచ్చులూరు కాడ పాపికొండల బోటు మునిగినప్పుడు అండ్ల మన కడిపికొండోళ్లు ఉన్నరు. ఆ ఊరు మాకు పక్కనే. గోదారి మీద బోటంటే మా ఇంట్ల ఇప్పటికీ ఎవ్వరు ఊ అనరు.

భూపాలపల్లి మాస్టారు:
మీ బాధ కాదనే మాట నా దగ్గర లేదు. కచ్చులూరు దగ్గర కొండల నడుమ ఇరుకులో, వరద మీద ఉన్న నది అది. నర్సాపురం దగ్గర నేల చదును, జనవరిలో నీరు నిలకడగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పంటు ఎలాగూ ఆపేస్తారు. అలాగని అంచున నిలబడి సెల్ఫీలు తీసుకోమనను. లైఫ్ జాకెట్ లేకుండా, జనం కిక్కిరిసి ఉంటే ఆ ట్రిప్పు వదిలేయండి, ఇంకోటి వస్తుంది.

హన్మకొండ అక్క:
పంచారామాల లెక్కల మాత్రం రెండు దిక్కుల సమానమే. మీ దిక్కు పాలకొల్లు, భీమవరం. మా దిక్కు ద్రాక్షారామం, సామర్లకోట. మోకాళ్ల సంగతికి ఇంకెవ్వరు జవాబు చెప్పలే.

పరకాల బుల్లెట్:
అక్కా, భీమవరం దాంక రైలు, ఆడికెల్లి కారు మాట్లాడుకుంటే అయిపాయె.

కాజీపేట పోరడు:
ఇదంత అమ్మకు చదివి వినిపించిన. సముద్రం కనపడదన్న కాన్నే యానాం మాట కొట్టుకపోయింది, బావ మొహం మాడింది. అంతర్వేదికే పోదామన్నది. కాని కడిపికొండ మాట విన్నంక పంటు ఎక్కనంటుంది. చించినాడ కాడ గోదారి మీదున్న బ్రిడ్జి మీదికెల్లి తిరిగి పోవాల్నట.

భూపాలపల్లి మాస్టారు:
అలాగే తీసుకెళ్లండి, రోడ్డు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు మాత్రం సఖినేటిపల్లి రేవులో కాసేపు కారు ఆపి, అమ్మగారిని ఒడ్డున కూర్చోబెట్టండి. రెండు పంటులు దాటడం చూశాక మళ్లీ అడగండి. అప్పటికీ వద్దంటే బలవంతం చేయకండి. మాఘమాసం కల్యాణం రోజులు తగలకుండా చూసుకోండి, ఆ జనంలో పంటు సంగతి అలా ఉంచి గుడి వాకిలి కూడా అందదు.