టెక్సాస్‌లో డాక్టర్ల నాన్-కంపీట్: పాత కాంట్రాక్టు దానంతటదే రెన్యూ అయితే కొత్త చట్టం వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్‌గా చేస్తున్నాను. 2023లో సంతకం పెట్టిన కాంట్రాక్టులో, మానేశాక 2 ఏళ్ల పాటు మా యాజమాన్యం వాళ్ల ఏ క్లినిక్‌కైనా 15 మైళ్ల లోపు ప్రాక్టీస్ చేయకూడదని నాన్-కంపీట్ షరతు ఉంది. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో అప్పుడు ఆ పేజీని పట్టించుకోలేదు. నిన్న రాత్రి కూర్చుని వాళ్ల క్లినిక్‌లన్నిటి చుట్టూ మ్యాప్ మీద గీతలు గీస్తే మా ఇల్లు, పిల్లల స్కూలు, నేను చేరాలనుకుంటున్న చోటు అన్నీ లోపలే పడ్డాయి. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 1318 అనే టెక్సాస్ కొత్త చట్టం ప్రకారం ఇలాంటి షరతు ఏడాదికి మించకూడదు, దూరం మనం ప్రధానంగా పనిచేసిన చోటి నుంచి 5 మైళ్లే, డబ్బు కట్టి బయటపడే మొత్తం ఏడాది జీతం దాటకూడదు, సరైన కారణం లేకుండా వాళ్లే తీసేస్తే షరతే చెల్లదు. కానీ ఇదంతా ఆ తేదీ నుంచి కుదిరిన లేదా రెన్యూ అయిన ఒప్పందాలకే. నాది ప్రతి జనవరిలో దానంతటదే రెన్యూ అవుతుంది, కొత్తగా సంతకం ఏమీ ఉండదు. దీన్ని రెన్యూవల్‌గా లెక్కేస్తారా? ఎవరికైనా ఇలా జరిగిందా?

ఇంకొకటి, గత ఏడాదిలో చూసిన పేషెంట్ల జాబితా నాకు ఇవ్వాలని పాత చట్టంలోనే ఉంది కదా, హెచ్‌ఆర్ వాళ్లు కుదరదంటున్నారు. నెలనెలా షుగర్ రిపోర్టు పట్టుకుని నా దగ్గరికే వచ్చే పెద్దవాళ్లకు చెప్పకుండా ఎలా వెళ్లను? నోటీసు ఇచ్చే ముందే అడగాలా, ఇచ్చాక లాయర్‌తో రాయించాలా?