కోయసాన్‌లో రాత్రి ఉండాలా, సాయంత్రానికి ఒసాకా దిగిపోవాలా? మా ఇద్దరి మధ్య తెగని పంచాయితీ

రెండోకాఫీ:

నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నవంబర్‌లో నా ఇంజనీరింగ్ రూమ్మేట్ హైదరాబాద్ నుంచి పది రోజుల సెలవు మీద వచ్చాడు. క్యోటో, నారా ఎలాగూ అందరూ చూస్తారు కదా అని వాణ్ణి కోయసాన్ తీసుకెళ్లాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: వకయామా కొండల్లో సుమారు 800 మీటర్ల ఎత్తున ఉండే గుళ్ల ఊరు అది. చైనా వెళ్లి చదువుకొని వచ్చిన కూకై అనే భిక్షువుకు 816లో చక్రవర్తి ఆ కొండను ఇచ్చాడు. అక్కడే షింగోన్ అనే తాంత్రిక బౌద్ధ శాఖ వేళ్లూనుకుంది. ఇప్పుడు 117 ఆలయాలున్నాయి. వాటిలో ఓ 50 దాకా యాత్రికులకు రాత్రి బస ఇస్తాయి. షుకుబో అంటారు. మన మాటలో సత్రం.

ఒసాకాలోని నంబా స్టేషన్లో రైలెక్కి, హషిమోతో దాటాక కొండ వంపుల్లో నత్తనడక నడిచి, గొకురకుబషిలో దిగాం. ఆ పేరుకు అర్థం సుఖావతికి వంతెన అట. అక్కణ్ణుంచి నిలువునా కేబుల్ కారులో అయిదు నిమిషాలు, తర్వాత బస్సు.

పంచాయితీ ఎక్కడంటే సత్రం దగ్గర. ఇద్దరికీ రెండు పూటల భోజనంతో కలిపి 34,000 యెన్లు. వచ్చినప్పటి నుంచి మావాడిది ఒకటే పాట. నేల మీద పరుపు, స్నానాలగది అందరికీ ఒకటే, సాయంత్రం 5:30కే భోజనం, రాత్రి పదికి మళ్లీ ఆకలి. "ఆ డబ్బుకి ఒసాకాలో మంచి హోటల్లో రెండు రాత్రులు పడుకునేవాళ్లం కదరా" అంటాడు.

నా వాదన ఒక్కటే: కూకై సమాధి ఉన్న శ్మశానం, ఒకునోయిన్‌ను రాత్రి చూడాలి. దేవదారుల్లాంటి పెద్ద పెద్ద చెట్ల కింద రెండు కిలోమీటర్ల దారి. రెండు వైపులా రెండు లక్షలకు పైగా సమాధులు, స్మారకాలు. పదహారో శతాబ్దపు యుద్ధప్రభువు ఓడా నొబునగ సమాధి అక్కడే, అతనికి వెన్నుపోటు పొడిచిన అకెచి మిత్సుహిదెదీ అక్కడే. పగలు బస్సుల కొద్దీ జనం. రాత్రి రాతి దీపాలు, పైన ఎక్కడో ఎగిరే ఉడత అరుపు, అంతే. మావాడు మామూలుగా నోరు మూయడు. ఆ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకేం కావాలి చెప్పండి?

వెళ్లొచ్చినవాళ్లు తీర్పు చెప్పండి. రాత్రి బస ఖర్చుకు తగినదేనా?

ఆఖరి_బస్సు:

మీ స్నేహితుడిదే రైటు. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సాయంత్రానికి దిగిపోయాను. నేనేమీ పోగొట్టుకోలేదు.

పొద్దున్నే 6 ప్రాంతంలో నంబాలో స్పెషల్ రైలు కాకుండా మామూలు రైలెక్కండి. కొండ మీదికి జనం రాకముందే చేరతారు. బస్సులో చాలామంది చివరి స్టాపు ఒకునోయిన్-మాయె దాకా వెళ్లి దిగుతారు. అది అడ్డదారి. కంపెనీలు పెట్టుకున్న స్మారకాలు అటే ఉంటాయి: రాకెట్ ఆకారంలో ఒకటి, కాఫీ కప్పుతో ఒకటి. చెదల మందు కొట్టేవాళ్ల సంఘం చచ్చిన చెదపురుగుల కోసం కట్టించిన స్మారకం కూడా ఉంది (నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చింది అదే). కానీ పాత దారి ఇచినోహషి అనే మొదటి వంతెన దగ్గర మొదలవుతుంది. అక్కడ దిగి నడవండి. పూజారులు కూకై సమాధికి రోజూ రెండుసార్లు భోజనం మోసుకెళ్తారు, 6కి ఒకసారి, 10:30కి ఒకసారి. రెండోది చూడడానికి రాత్రి పడుకోనక్కర్లేదు.

మధ్యాహ్నం షింగోన్ ప్రధానాలయం కొంగోబుజి, అక్కడి పెద్ద రాళ్ల తోట. 1595లో హిదెయోషి మేనల్లుడు హిదెత్సుగు కడుపు చీల్చుకున్నాడని చెప్పే గది కూడా అందులోనే. తర్వాత గరాన్ అనే పాత గుళ్ల ప్రాంగణం, అందులో ఎర్రటి మహా స్తూపం. ఎత్తు 48.5 మీటర్లు. ఇప్పుడున్నది 1937లో తిరిగి కట్టింది. లోపల నడుమ మహావైరోచన బుద్ధుడు, చుట్టూ స్తంభాల మీద 16 మంది బోధిసత్వులు. బౌద్ధుల మండల చిత్రం మధ్యలో మనం నిలబడినట్టుంటుంది. నాలుగింటికి కేబుల్ కారు. ఏడింటికి ఒసాకాలో వేడివేడి అన్నం.

చీకట్లో శ్మశానం చూడడానికి 17,000 యెన్లా తలకి? మన ఊళ్లో ఉచితం.

గోంగూర_ప్రవాసి:

అన్నయ్యా, చివరి మాటకి నవ్వొచ్చింది గానీ భోజనం సంగతి మీరు తేలిగ్గా తీసేశారు. మేం శాకాహారులం. అమ్మని తీసుకుని జపాన్ తిరిగాను. కూరగాయల సూప్ అన్నా, టోఫూ అన్నా, నూడుల్స్ అన్నా అడుగున చేప రసమే. ఎండబెట్టిన బొనీటో అనే చేప తురుముని మరిగించి తీస్తారు కదా, అది. అమ్మ అయిదు రోజులు అరటిపళ్లు, పెరుగు, మేం తీసుకెళ్లిన పులిహోర పొడి మీద గడిపింది.

కోయసాన్ సత్రంలో మొదటిసారి పళ్లెం ముందు నన్ను ప్రశ్నలు అడగకుండా తింది. అక్కడ వండేది శోజిన్ వంట. మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. రసం కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. "కార్తీక సోమవారం వంటలాగుందే" అంది అమ్మ. నువ్వులతో చేసే గోమ-దోఫు (పేరు టోఫూ గానీ అందులో సోయా ఉండదు, నువ్వుల పాలూ, కుజు అనే దుంప పిండీ), గడ్డకట్టించి ఎండబెట్టే కోయ-దోఫు, పుట్టగొడుగుల టెంపురా. కారం మాత్రం అడక్కండి.

కష్టాలు కూడా చెప్పాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నేల మీద కూర్చోలేదు. ముందే రాస్తే పొట్టి కుర్చీ వేశారు. అందరితో కలిసి స్నానం అనేసరికి ససేమిరా అంది, చివరికి అందరూ అయ్యాక వెళ్లింది. చలి మామూలుగా లేదు. అయినా నా ఓటు రాత్రి బసకే.

ఆ_రూమ్మేట్‌ని_నేనే:

ఈ లింకు వీడే పంపాడు, "చూడు, జనం నా వైపే" అని. కాబట్టి నా వాంగ్మూలం కూడా రాసుకోండి.

ఒరేయ్, పొద్దుటి పూజ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? నేను చెప్పనా? పడుకున్నావు కాబట్టి. 6:30కి పూజ, నేను రెండుసార్లు లేపాను. "నువ్వెళ్లు, వస్తా" అని దుప్పటి లాక్కున్నాడు. సత్రం కావాలన్న పెద్దమనిషి నిద్రపోయాడు, వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే వెళ్లి కూర్చున్నాను.

డబ్బు గురించి గొణిగిన మాట నిజమే. కానీ నాకు మింగుడు పడనిది డబ్బు కాదు. ఆ హాల్లో ముందు వరసలో ఒక ముసలి దంపతులు కూర్చున్నారు. వాళ్ల వెనక మేం ఇరవై మందిమి, అందరం బయటి దేశాలవాళ్లం. మంత్రాల మధ్యలో పూజారి ఎవరిదో పేరు చదివాడు. ఆవిడ లేచి వెళ్లి ధూపం వేసి, అక్కడే చాలాసేపు తల వంచుకుని ఉండిపోయింది. నాకు జపనీస్ రాదు, కానీ అది వాళ్లింటి మనిషి కోసమని అర్థం కావడానికి భాష అక్కర్లేదు. నా పక్కనాయన ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

మా నాన్నగారి సంవత్సరీకం పోయినేడే అయింది. మా ఇంట్లో పిండాలు పెడుతుంటే వెనక ఇరవైమంది టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే నాకెలా ఉంటుంది? రాత్రి ఆ దారిలో నేను మాట్లాడకపోవడం అందం చూసి కాదు రా. అన్నీ ఎవరో ఒకరి నాన్నల సమాధులు. పగలు వెళ్లి, దణ్ణం పెట్టుకుని, దిగిపోయుంటే బాగుండేది. నా వాదన ఇది.

పల్నాటి_పలక:

రూమ్మేట్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు అక్కడ చొరబడ్డవారు కారు. ఆ ఊరికి యాత్రికుల రాత్రి బస కొత్తగా వచ్చిన వ్యాపారం కాదు. పూర్వం ఒక్కో సామంత ప్రభువు వంశానికి ఒక్కో ఆలయంతో అనుబంధం ఉండేది. ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఆ ఆలయంలోనే దిగేవాళ్లు. కాశీలో మన తాతలు తమ పండా ఇంట్లోనే దిగినట్టు. పరాయివాళ్ల ముందే పితృకార్యం జరగడం కాశీలోనూ ఉన్నదే కదా.

ఇక పరాయితనం గురించి. కూకై చనిపోయాడని అక్కడ అనరు. 835 నుంచి ధ్యానంలో ఉన్నాడంటారు, అందుకే ఆ భోజనం. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారి సజీవ సమాధికి దణ్ణం పెట్టేవాడికి ఇది విడ్డూరమా? పూజలో అగ్నికార్యాన్ని గోమ అంటారు, మన హోమమే. గరాన్ అంటే సంఘారామమే, పలికి పలికి అరిగింది. సమాధుల వెనక పొడుగాటి చెక్క పట్టీల మీద రాసినవి సిద్ధం లిపిలో సంస్కృత బీజాక్షరాలు. పలక మీద మనకి మొదట దిద్దించిన "ఓం నమః శివాయ సిద్ధం నమః"లో ఉన్న సిద్ధమే ఇది. అజికన్ అని ఒక ధ్యానం నేర్పిస్తారు. ఎదురుగా పటం, అందులో తామర మీద చంద్రబింబం, బింబంలో ఒకే ఒక్క అక్షరం: అ. నేను ఆ పటం ముందు కూర్చుని, నిజం చెప్తున్నా, మా పంతులు గారి బెత్తం గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను.

పైగా షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన ఈ విద్య తెచ్చాడని వాళ్ల కథ. ఆ స్తూపం మన అమరావతే కావచ్చని ఊహించిన పండితులూ ఉన్నారు.

నడకదారి:

సిద్ధం సంగతి బాగుంది. కానీ అక్కణ్ణుంచి అమరావతికి గెంతడం దగ్గర ఆగుదాం. ఇనుప స్తూపం వాళ్ల సంప్రదాయంలో ఒక పురాణగాథ. ఆ కథలో నాగార్జునుడు వందల ఏళ్లు బతకాలి, లేకపోతే లెక్క కుదరదు. మాధ్యమిక దర్శనం రాసిన నాగార్జునుడూ ఈయనా ఒకరేనా అన్నదే తేలని సంగతి. ఎక్కడికి వెళ్లినా ముందు మన ముద్ర వెతుక్కోవడం మానేస్తే అక్కడున్నది కనిపిస్తుంది.

ఉదాహరణకి నాకు కనిపించింది చెప్తాను. యాత్రికులకి ఎప్పటి నుంచో బస ఇచ్చే ఊరు అన్నారు కదా. 1872లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసేదాకా ఆడవాళ్లు ఆ ఊళ్లోకే వెళ్లకూడదు. కొండకి ఏడు దారులుండేవి. ప్రతి దారి ఊళ్లోకి చేరే చోట ఆడవాళ్ల కోసం ఒక మందిరం, నీ యాత్ర ఇక్కడితో సరి అని. ఆ ఏడింటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, న్యోనిన్-దో. లోపలికి రానివ్వకపోతే ఆడవాళ్లేం చేశారు? చుట్టూ కొండ అంచుల వెంట నడుస్తూ, చెట్ల సందుల్లోంచి గుళ్ల కప్పులు చూస్తూ దణ్ణం పెట్టుకున్నారు. ఆ దారి ఇప్పటికీ ఉంది. విచిత్రమేంటంటే అదే 1872లో ప్రభుత్వం భిక్షువులు పెళ్లి చేసుకోవచ్చు, మాంసం తినొచ్చు అని కూడా చెప్పేసింది.

నేను ఒక్కదాన్నే వెళ్లి, ఒక రోజంతా ఆ అంచు దారి నడిచాను. పగలే. అడవి దారి చీకట్లో వద్దు. అలసిపోయాక కిందికి దిగి రైలెక్కే ఓపిక లేక సత్రంలో పడుకున్నాను. కాబట్టి నా ఓటు, రాత్రి బస ఎందుకు కావాలో మీ కాళ్లే చెప్పాలి. ఫొటో కోసమైతే వద్దు.

ఆఖరి_బస్సు:

అయితే అసలు ఫిర్యాదిదారు పూజకి లేవనే లేదా. కేసు కొట్టివేయాలి.

రెండోకాఫీ:

లేవలేదు. ఒప్పుకుంటున్నా. ముందు రోజు ఆఫీసులో పన్నెండు దాకా కూర్చున్నాను, కాళ్ల దగ్గర వెచ్చటి హీటరు, ఎలా లేవను.

మిగతాదానికి జవాబుంది. ఒరేయ్, ఆ ముసలావిడ సంగతి నాకెందుకు చెప్పలేదు? టిఫిన్ దగ్గర "బానే ఉంది" అన్నావు, ఊరుకున్నావు. గుర్తుంది, ఆ రోజు నీ ఎర్ర పళ్లెంలో ఉమెబోషి (పుల్లటి ఊరగాయ పండు) తప్ప అన్నీ తినేశావు, నేను అది చూసి నచ్చిందనుకున్నా. అంకుల్ సంవత్సరీకం అయిన నెలలోనే నిన్ను సమాధుల మధ్యకి తీసుకెళ్లానన్న ధ్యాస నాకు లేకపోయింది.

కానీ నువ్వు పొద్దున వెళ్లి సాయంత్రం దిగిపోయుంటే అది చూసేవాడివి కాదు. నువ్వు నాకన్నా ఎక్కువ చూశావు, అది రాత్రి ఉండబట్టే. నీ వాదన నా వైపే పడుతోంది. వీడియో తీసినవాడిది తప్పు, పూజ చూడనిచ్చినవాళ్లది కాదు. ఒకునోయిన్‌లో మూడో వంతెన దాటాక ఫొటోలు వద్దని బోర్డు పెట్టినట్టే ఈ హాల్లోనూ పెడితే సరిపోతుంది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నా. మంచు ఉంటుంది, రేటు కూడా కాస్త తక్కువ చెప్పారు.

ఆ_రూమ్మేట్‌ని_నేనే:

బానే ఉంది అన్నది అబద్ధం కాదు రా. బానే ఉంది, ఉండకుండా ఉంటే బాగుండేది, రెండూనూ. నీకు చెప్పుంటే నువ్వు దాన్ని వెంటనే నీ వాదనలో కలుపుకునేవాడివి. ఇప్పుడు కలుపుకున్నట్టే.

పూజారి బయటికి పోతూ నన్ను ఆపి, ధూపం వేస్తావా అని చేత్తో సైగ చేశాడు. వేశాను. అది కూడా చెప్పలేదు నీకు.

ఫిబ్రవరిలో వెళ్లు. పూజకి నేను ఫోన్ చేసి లేపుతాను. మీకు 6 అంటే మాకు రాత్రి 2:30. శుక్రవారమైతే ఎలాగూ ఆఫీసులో రిలీజ్ ఉంటుంది, మెలకువగానే ఉంటాను.